ఎడమచేతి వాటు

దుడ్డుకర్ర నడుము మీద పడినప్పుడు పోలారావుకు ముందు నొప్పి తెలియలేదు, చప్పుడే తెలిసింది. ముదురు కొబ్బరికాయ చెట్టు మీంచి ఇసుకలో పడినట్టు దబ్బుమంది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వెనకాల నాగరాజు కర్ర రెండు చేతులా పట్టుకుని రొప్పుతున్నాడు.

"సాలా బావా? ఇంకోటి ఎయ్యమన్నావేటి?"

పోలారావు మాటల మనిషి కాదు. పిడికెడు ఇసుక తీసి వాడి కళ్ళలో కొట్టాడు. లేచి, తల వంచి, పొట్టలో కుమ్మాడు. ఇద్దరూ కలిసి తోటల మధ్య గోతిలోకి దొర్లారు. అడుగున పోలారావు వాడి చెవి కొరికాడు. వాడు పోలారావు గొంతు మీద మోకాలు పెట్టి నొక్కాడు. వరహాలమ్మ బిందెడు కుడితి తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించాక గాని విడిపోలేదు.

"కుక్కలు నయిం. నీల్లు సల్లితే పారిపోతాయి. మీరు ఇంకా అక్కడే కూకున్నారు," అంది.

వరహాలమ్మ నాగరాజు పెళ్ళాం, పోలారావుకు సొంత చెల్లెలు. నాగరాజు చెల్లెలు రత్నాలమ్మ పోలారావు పెళ్ళాం. కుండమార్పిడి పెళ్ళిళ్ళు, ఒకే పందిట్లో జరిగాయి. కంచిలి దగ్గర ఒక ఊరి చివర రెండిళ్ళూ, రెండు తోటలూ పక్కపక్కనే. తోటల మధ్య హద్దుగా పెద్ద పనసచెట్టు ఉండేది. తిత్లీ తుఫాను రోజున అది వేళ్ళతో సహా లేచిపోయింది. నిలువెత్తు గొయ్యి మిగిలింది. ఆ గొయ్యి నాదంటే నాదని బావలిద్దరూ అప్పటి నుంచి కొట్టుకుంటున్నారు. పడిన చెట్టు మొద్దు గోతి పక్కనే ఉంది. దాని మీదే ఇద్దరూ కొబ్బరికాయలు కొడతారు, ఒకడున్నప్పుడు ఇంకొకడు రాడు.

తగువుకు కట్టుబాటు మాత్రం ఉంది. పోలీసు గుమ్మం తొక్కకూడదు. ఆసుపత్రిలో నిజం చెప్పకూడదు, చెట్టు మీంచి పడ్డామనో, కాయ కొడుతుంటే కత్తి జారిందనో చెప్పాలి. కుట్టుకు కుట్టు తీరాలి. ఎక్కడ తెగినా పరవాలేదు, ఎన్ని కుట్లు పడ్డాయన్నదే లెక్క. ఏడేళ్ళలో పోలారావు ఒంటి మీద ఇరవై నాలుగు పడ్డాయి, నాగరాజు ఒంటి మీద ఇరవై ఆరు. ఈ లెక్క మగాళ్ళు తప్పినా ఆడవాళ్ళు తప్పరు. ఇంటికి వచ్చాక కట్టు విప్పి లెక్కపెట్టేది వాళ్ళే.

నడుము మీద దెబ్బకు తోలు కూడా చిట్లలేదు. కుట్టు పడలేదు. రత్నాలమ్మ ఆముదం కాచి రాస్తూ, "దీన్ని ఏ లెక్కలో ఎయ్యాల?" అని అడిగింది. పోలారావు చుట్ట అందుకున్నాడు.

ఆ సాయంత్రం జీడి మొక్కల చాటున మూత్రానికి కూర్చున్నాడు. కాళ్ళ మధ్య ఇసుక ఎర్రబడింది. ముందు పొద్దు గూకే వెలుగనుకున్నాడు. వేలితో తాకి చూశాడు. నెత్తురే.

మర్నాడూ అంతే. మూడో రోజు చిక్కగా, జీడిపిక్కంత ముక్కలు పడ్డాయి. రత్నాలమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"మనింటికీ కిడ్నీ వచ్చేసిందేటి? ఓలమ్మో!"

ఆ ఊళ్ళో కిడ్నీ వచ్చిందంటే కిడ్నీ పాడైందని అర్థం. రాని ఇల్లు తక్కువ.

"కిడ్నీ రానేదు. మీ అన్న వచ్చినాడు," అన్నాడు పోలారావు. "లోపల పగలగొట్టినాడు."

రత్నాలమ్మ కూతురికి ఫోను చేసింది. సంధ్య పలాసలో డయాలసిస్ గదిలో పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళవాళ్ళ నెత్తురు గొట్టాల్లో తిరుగుతుంటే చూసే పిల్ల, నెత్తురంటే జడవదు. ఈ సంగతి విని జడిసింది.

"మన వూరి జబ్బుకి ఇలగ నెత్తురు పడదమ్మా. ఇది ఏరేది. అయ్యని బేగి బస్సెక్కించు."

పలాసలో స్కానింగు చేశారు. చల్లని బల్ల, దాని చుట్టూ పెద్ద చక్రం. అయ్యాక స్కానింగు మనిషి తలుపు దగ్గరికి వచ్చి, "ఎడమ పక్క, కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లో గడ్డ ఉందండి. కాగితం మీ అమ్మాయికి ఇస్తాను, పెద్ద డాక్టరుకు చూపించండి," అన్నాడు.

గడ్డ. పోలారావుకు ఆ మాట చాలింది. నెత్తురు గడ్డకట్టింది. దెబ్బకు లోపల చిట్లి, కారి, గొట్టంలో గడ్డకట్టి కూర్చుంది. ఇంకేమీ అడగాల్సిన పని లేదనుకున్నాడు. సంధ్య తన గదిలో పేషెంటును మర నుంచి విడిపించి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పోలారావు కంచిలి బస్సులో కూర్చున్నాడు. జేబులో ఫోను ఆరుసార్లు మోగింది. తియ్యలేదు.

ఇంటికి వచ్చి చూరులోంచి కొబ్బరికత్తి తీశాడు. నూతి దగ్గర రాయి మీద నీళ్ళు చల్లి నూరాడు. రత్నాలమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏటన్నారు?"

"గడ్డ కట్టిందట."

ఆమెకు అర్థమైంది. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "మా అన్న. నీ సెల్లి మొగుడు. కుట్టు నేని దెబ్బకి కత్తెత్తుతావేటి? కట్టుబాటు తప్పుతావేటి?"

"కుట్టెయ్యడానికి లోపలికెవులెల్తారు?" అన్నాడు పోలారావు. ఆమె చేతులు విడదీసి బయటికి నడిచాడు.

నాగరాజు మొద్దు దగ్గర వంగి కాయల పీచు ఏరుతున్నాడు. రత్నాలమ్మ వెనక నుంచి పరుగెత్తుతూ, "అన్నా, పారిపో! ఎలిపో!" అని అరిచింది. నాగరాజు పారిపోయే రకం కాదు. తలెత్తి నవ్వాడు.

"ఏటి బావా, మూత్రం ఎర్రగొత్తందట కదా. కుంకం కలుపుకు తాగతన్నావేటి?"

పోలారావు బావ నడుముకు గురి పెట్టాడు. ఎడమ పక్క, తనకు తగిలిన చోటే. నాగరాజు తప్పుకోకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. కత్తి ఆ చేతి మీద పడింది. బొటనవేలు ఎగిరి గోతిలో పడింది. చూపుడువేలు తోలు పట్టుకుని వేలాడింది. నాగరాజు అరవలేదు. వేలాడుతున్న వేలిని అనుమానంగా, ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత నెత్తురు చిమ్మింది, మొద్దు మీద, పోలారావు ముఖం మీద, నోట్లో. పోలారావు రెండో వాటు ఎత్తాడు. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన వరహాలమ్మ పీటతో అతని మోచేతి మీద కొట్టింది. కత్తి జారి పడింది. ఆమె పీట వదలలేదు. అన్న అని చూడకుండా భుజం మీద, మెడ మీద, వీపు మీద కొడుతూనే ఉంది.

"పిక్కలేరుకునే సెయ్యిరా అది! కాయకొట్టే సెయ్యి! నాకు అన్నం పెట్టే సెయ్యి!"

గోతిలో దిగి బొటనవేలు వెతికింది రత్నాలమ్మే. ఇసుక అంటుకున్న వేలు కొంగులో చుట్టి తెచ్చి అన్న ఒళ్ళో పెట్టింది.

పలాస తీసుకెళ్తే సంధ్యకు తెలుస్తుందని టెక్కలి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు వేళ్ళు అతకవన్నాడు. మిగిలింది కోసి, సర్ది, పధ్నాలుగు కుట్లు వేశాడు. ఎలా తెగాయని అడిగాడు.

"కాయ కొడతంటే కత్తి జారిపోనాదండి."

"కుడిచేత్తో కత్తి పట్టుకుని కుడిచెయ్యే నరుక్కున్నావా?"

"ఇయ్యాల ఎడంసేత్తో కొట్టినానండి," అన్నాడు నాగరాజు. కట్టుబాటు తప్పలేదు.

చీకటి పడకముందే సంధ్య వచ్చింది. గుమ్మంలోనే తల్లి నోట అంతా వింది. చెప్పులు కూడా విప్పలేదు. కాగితం తండ్రి ముందు పడేసింది.

"నీకు ఎవులు సెప్పినారు నెత్తురు గడ్డని?"

"గడ్డన్నాడు."

"గడ్డంటే కేన్సరు గడ్డ! మూత్రం గొట్టంలో కేన్సరు! మావ దెబ్బకి వచ్చింది కాదది, ముందే ఉంది. నాను వచ్చేదాకా కూకోలేకపోయినావా? ఒక్క మాట అడగలేకపోయినావా?"

"మీ మావని కాయడానికి సెప్తన్నావు."

సంధ్య ఎర్రగా చూసింది. "మావని కాయడానికి నీకు కేన్సరు తగిలిస్తానేటి అయ్యా?"

పోలారావు నమ్మలేదు. నమ్మితే ఆ పధ్నాలుగు కుట్లకు, ఆ రెండు వేళ్ళకు చోటు లేదు. గోడకు ఒరిగి, చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీల్చుకుంటూ కూర్చున్నాడు. మోచెయ్యి వాచి బూరెలా ఉంది. ఆపరేషను చేయించుకోనన్నాడు. వారం గడిచాక మూత్రమే ఆగిపోయింది. నెత్తురు ముక్క దారికి అడ్డం పడింది. పొత్తికడుపు రాయిలా బిగిసి, నేల మీద పొర్లి, గోడకు తల బాదుకున్నాడు. రత్నాలమ్మ, సంధ్య చెరో భుజం పట్టి కారులో వేశారు. విశాఖపట్నం దాకా అతను పళ్ళ మధ్య తువ్వాలు కొరుకుతూనే ఉన్నాడు.

అక్కడ గొట్టం వేసి, లోపలి నెత్తురు ముక్కలు కడిగి, బతికించారు. రెండు రోజులకు ఉదయశంకర్ అనే డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులు ఆడవాళ్ళ చేతుల్లా సన్నగా ఉన్నాయి.

"మాదీ మీ వైపే, టెక్కలయ్యా. నడుము మీద ఆ కమిలిన మచ్చ ఏమిటి?"

"సెట్టు మీంచి పడ్డాను."

డాక్టరు ఆ మచ్చను ఇంకోసారి చూశాడు. "చుట్ట కాలుస్తావా?"

"అడ్డపొగ. ముప్పై అయిదేళ్ళయింది."

"నీ గడ్డ అందులోంచి వచ్చి ఉంటుంది. ఎన్నాళ్ళదో కచ్చితంగా చెప్పలేను గాని వారంలో పెరిగేది కాదు. నువ్వు చెట్టు మీంచి పడ్డావు చూడు, ఆ దెబ్బకు అది కదిలి నెత్తురు కక్కింది. దెబ్బ తగలకపోతే లోపల్లోపల పాకేది. ఊపిరితిత్తులకు ఎక్కాక వచ్చేవాడివి. అప్పుడు నేను చేసేదేమీ ఉండేది కాదు. ఆ చెట్టుకు దండం పెట్టుకో."

పోలారావు పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. "ఎలగ కోత్తారు?" అని అడిగాడు.

"పెద్ద కోత ఉండదు. పొట్ట మీద చిన్న చిల్లులు పెట్టి, వాటిలోంచి రోబో చేతులు పంపిస్తాను. ఎడమ కిడ్నీ, దాని గొట్టం, మూత్రసంచి అంచు దాకా మొత్తం తీసేస్తాను. కుడి కిడ్నీ బాగుంది, నీకు చాలు."

"మర కోత్తాదా, మీరు కోత్తారా?"

డాక్టరు నవ్వాడు. కుడిచెయ్యి ఎత్తి బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించాడు. "ఈ రెండు వేళ్ళే. వీటిని రెండు ఉంగరాల్లాంటి వాటిలో పెట్టి దూరంగా కూర్చుంటాను. ఇక్కడ నేను కదిలించినంతలో కొద్ది వంతే లోపల మర కదులుతుంది. పట్టుకోవడం, కొయ్యడం, కుట్టడం, అంతా ఈ రెండు వేళ్ళ మీదే. ఇవి లేకపోతే నేను దేనికీ పనికిరాను."

పోలారావు ఆ రెండు వేళ్ళ వంక చూశాడు. చూస్తూ చూస్తూ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. డాక్టరు భయమనుకుని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆపరేషను గదిలో మత్తు ఎక్కేముందు ఆ మరను చూశాడు. నాలుగు చేతులు, ఒక్కోదానికి ప్లాస్టిక్ తొడుగు, పెద్ద ఎండ్రకాయ బల్ల మీదికి వంగినట్టు ఉంది. డాక్టరు మూల కూర్చుని, చెప్పులు విప్పి, పెట్టెలో తల పెట్టాడు. పోలారావు చాలా కత్తులు చూశాడు, పట్టాడు, తిన్నాడు. కోపం లేని కత్తిని చూడడం అదే మొదలు.

మెలకువ వచ్చేసరికి కడుపులో ఎవరో నిప్పులు పోసి పైన మూత పెట్టినట్టుంది. అయినా మర్నాడే లేపి నడిపించారు. అయిదో రోజున పంపేశారు. మూత్రం గొట్టం సంచితో సహా ఇంకో పది రోజులు వేలాడింది.

ఇంట్లో రత్నాలమ్మ చొక్కా పైకెత్తి లెక్కపెట్టింది. అయిదు చిల్లులు, పొత్తికడుపు కింద నాలుగు వేళ్ళ వెడల్పున ఒక కోత. పదకొండు కుట్లు.

"ఇంతేనా? ఎలక కొరికినట్టుంది. ఇందులోంచి కిడ్నీ ఎలగ తీసినారో," అంది. ఆగి, "ఈ పదకొండూ ఎవులి లెక్కలోకీ రావు," అంది.

గొట్టం తీసేశాక, పోలారావు ఒకరోజు పొద్దున్నే చూరులోంచి కత్తి తీసి తోటలోకి నడిచాడు. నాగరాజు మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి కట్టు మురికిగా ఉంది. పెరట్లోంచి వరహాలమ్మ చూసి పీట అందుకుంది. పోలారావు కత్తి మొద్దు మీద పెట్టాడు, పిడి బావ వైపు. తర్వాత తన కుడిచెయ్యి చాచి, వేళ్ళు విడదీసి, మొద్దు మీద ఆనించాడు.

"ఏటిది?" అన్నాడు నాగరాజు.

పోలారావు పెళ్ళినాడు కూడా అన్ని మాటలు మాట్లాడి ఉండడు. "గడ్డ నీ దెబ్బకి వచ్చింది కాదు. నా సుట్టకి వచ్చింది. నీ దెబ్బకి బయటపడింది. నువ్వు కొట్టకపోతే సచ్చిపోదును. డాక్టరు సెప్పినాడు. నీ బొటనేలు, సూపుడేలు నాను ఊరికే తీసినాను. తీసుకో."

నాగరాజు పగలబడి నవ్వాడు. "ఓలె వరాలూ, ఇన్నావా? నాను మీ అన్నని కర్రతో వైద్యం సేసి బతికించినానట! నాను డాక్టర్నట! ముందే తెలిస్తే ఇంకో నాలుగు డోసులు ఎయ్యనా?"

నవ్వు సగంలో తెగింది. ఎడమచేత్తో కత్తి అందుకున్నాడు. 

"నరకమని నాననను," అంది వరహాలమ్మ. "వద్దనీ అనను."

నాగరాజు కత్తి ఎత్తాడు. పోలారావు కళ్ళు మూసుకోలేదు. కత్తి దిగింది. మొద్దులో జానెడు దూరాన దిగబడింది. పీకి మళ్ళీ ఎత్తాడు. ఈసారి మణికట్టు పక్కన పడి తోలు గీసింది. నెత్తురు సన్నగా కారింది. పోలారావు చెయ్యి తియ్యలేదు. మూడోసారి ఎత్తిన కత్తి గాలిలోనే వణికింది. నాగరాజు దాన్ని దించి ఉమ్మాడు.

"ఎడంసెయ్యి గురి కుదర్నేదు. మణికట్టు తెగిపోతే ఎక్కువైపోద్ది. నాకు ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఆ రెండే గావాల. నేర్సుకున్నాక కేకేత్తాను. రా."

"వత్తాను," అన్నాడు పోలారావు.

ఆ రోజు నుంచి గోతి దగ్గర చప్పుడు మొదలైంది. నాగరాజు ఎడమచేత్తో కొబ్బరికాయలు కొడుతున్నాడు. మొదట్లో ఒక కాయకు ఏడెనిమిది వాట్లు. టక్, టక్, కాయ దొర్లి పోవడం, బూతులు, మళ్ళీ టక్. పోలారావు వరండాలో కూర్చుని వినేవాడు. చుట్ట మానేశాడు. మూడు నెలలకోసారి విశాఖపట్నం వెళ్ళి మూత్రసంచిలో కెమెరా పెట్టించుకుని వచ్చేవాడు. గడ్డ లేదనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి తన కుడిచెయ్యి గుర్తొచ్చేది.

జీడి పూత దిగి, కాయ రాలే రోజులకు వాట్లు నాలుగయ్యాయి. వానలకు మూడు. రత్నాలమ్మ రోజూ అన్నం వడ్డిస్తూ ఆ చప్పుడు లెక్కపెట్టేది. మొగుడు తాను చూడనప్పుడు కంచం గోడవైపు తిప్పుకుని ఎడమచేత్తో తింటున్నాడని, మెతుకులు ఒళ్ళో పడుతున్నాయని కూడా ఆమెకు తెలుసు. ఎడమచేత్తో పంచె ముడి వేసుకోవడం, ఎడమచేత్తో తాళం తియ్యడం చూసింది. సంధ్య ఫోనులో అరిచేది. "మీకు పిచ్చి పట్టిందేటి? నాను పోలీసులకి సెప్తాను." పోలారావు ఒకే మాట అనేవాడు. "సెప్తే ముందు నన్నే పట్టుకెల్లాల."

మళ్ళీ పూత వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం రత్నాలమ్మ కంచంలో పులుసు పోస్తోంది. తోటలోంచి చప్పుడు వచ్చింది. టక్.

ఒక్కటే. రెండు చిప్పలు చెరో పక్క ఇసుకలో పడిన చప్పుడు.

ఆమె గరిటె ఆగింది. ఇద్దరూ విన్నారు. మళ్ళీ, టక్. ఒక్కటే. ఇంకో కాయ. టక్.

"పోలారావు బావోయ్!" నాగరాజు కేక వేశాడు. గొంతులో కోపం లేదు.

పోలారావు కంచంలో ఉన్నది మెతుకు మిగలకుండా కుడిచేత్తో తిన్నాడు. చెయ్యి శుభ్రంగా కడిగి, బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి కలిపి, విడదీసి చూసుకున్నాడు. రత్నాలమ్మ పాత చీర చింపి పీలికలు అతని భుజం మీద వేసింది. అతను ఎడమచేత్తో తలుపు గడియ తీశాడు. ఈసారి తడబడలేదు. గోతివైపు నడిచాడు.